హస్తవాసి

జూన్ 3

ఈ డైరీ బ్లేడ్ల కంపెనీ వాడు ఎప్పుడో ఇచ్చాడు. షాపులో రెండో కుర్చీ ఊగకుండా దాని కాలికింద పెట్టాను ఇన్నాళ్లూ. ఇవాళ తీసి దుమ్ము దులిపాను. కుర్చీ మళ్లీ ఊగుతోందని బావమరిది గొణుగుతున్నాడు. గొణగనీ.

సెలూన్లో రోజంతా అందరి మాటలూ నేనే వింటాను. నా మాట వినే నాథుడు లేడు. మా ఆవిడ బస్‌స్టాండులో టికెట్ల కౌంటరు. పొద్దస్తమానం జనంతో మాట్లాడి ఇంటికొచ్చాక ఆమెకు మాటంటేనే విసుగు. నేనేదైనా మొదలుపెడితే "ఎక్కడికి, ఎంతమంది" అన్నట్టు చూస్తుంది. ఇక మిగిలింది మా పిట్ట. మూడో తరగతి. పిట్ట కొంచెం కూత ఘనం అని మా అత్తగారు ఉయ్యాల్లోనే పెట్టిన పేరు. దానికి నిన్న టాన్సిల్స్ తీశారు. ఇంట్లో కూత లేదు. అందుకే రాసుకుంటున్నాను.

గొంతు డాక్టరు మంచివాడు. "చల్లటివి పెట్టండి, మెత్తటివి పెట్టండి. జ్వరం వస్తే మాత్రం ఫోన్ చెయ్యండి," అన్నాడు. ఎవరో ఆయనకు కుడిచెవి మీద ఎక్కువ కత్తిరించారు. చెబుదామనుకుని ఊరుకున్నాను.

పిట్ట నాలుక చాపితే ఐస్‌క్రీమ్ అని అర్థం. ఇవాళ చాలాసార్లు చాపింది.

జూన్ 6

కండక్టరు గారు వచ్చారు. రిటైరై ఎన్నేళ్లయిందో, ఇప్పటికీ షాపులో అడుగు పెడుతూనే "ముందుకు జరగాలి, ముందుకు జరగాలి" అంటారు. ఆయన తలమీద కత్తిరించడానికి నాలుగు వెంట్రుకలు కూడా లేవు. వచ్చేది మెడ కోసం. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి. మాటల్లో పెట్టాలి. మనిషి ఒళ్లు వదిలేసిన క్షణం చూసి ఒక్క తిప్పు. టక్. రెండో పక్క. టక్.

"అబ్బ! ప్రాణం లేచొచ్చిందిరా. డాక్టర్లెందుకురా నాకు, నీ హస్తవాసి చాలు," అన్నారు.

ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోతుంది. కటింగు ఎవడైనా చేస్తాడు. ఎదురుగా చల్లటి గాలి మిషన్లు పెట్టి కొత్త సెలూన్ తెరిచారు. అయినా జనం నా దగ్గరికే వస్తారు. ఈ చేతుల కోసమే వస్తారు.

"ఆ మెడ పని నాక్కూడా నేర్పు బావా," అన్నాడు బావమరిది.

"అది నేర్పితే వచ్చేది కాదురా. పుట్టుకతో రావాలి."

నాకు మా నాన్న నేర్పాడు. ఆ సంగతి వాడికెందుకు.

మధ్యాహ్నం పిట్ట షాపుకొచ్చి మూల స్టూలు మీద కూర్చుని వెనక అద్దంతో ఆడుకుంది. కటింగు అయ్యాక మెడ వెనక ఎలా ఉందో చూపిస్తామే, ఆ పిడి ఉన్న అద్దం. వీధికి వీపు పెట్టి, అద్దం భుజం మీదికి ఎత్తి, వచ్చేపోయేవాళ్లను చూస్తుంది. గొంతు కాస్త వచ్చింది, గరగరమంటోంది.

"ఇందులో చూస్తే నేను చూస్తున్నట్టు ఎవ్వరికీ తెలీదు నాన్నా," అంది.

జూన్ 9

పొద్దున పిట్ట మంచం మీద లేచి కూర్చుంది. తల ఎడమ భుజం మీదికి వాలింది, మొహం కుడివైపుకు తిరిగి ఉంది. అచ్చం కొమ్మమీద పిట్ట ఏదో చప్పుడు వింటున్నట్టు. నాకు నవ్వొచ్చింది. "ఎవరి మాటలు వింటున్నావే?" అన్నాను. అది నవ్వలేదు.

"తిరగట్లేదు నాన్నా. నొప్పి."

ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. మా ఆవిడ వెంటనే గొంతు డాక్టరుకు ఫోన్ చేస్తానంది.

"గొంతు డాక్టరుకి మెడ సంగతేం తెలుసు? తలగడ జారింది, మెడ పట్టేసింది. ఇలాంటివి రోజూ చూస్తాను నేను."

"చూస్తావులే. దీనిమీద మాత్రం చెయ్యి వెయ్యకు. ఆపరేషనైన పిల్ల. రేపు నేను డ్యూటీ దిగాక తీసుకెళ్దాం. సరేనా?"

"సరే."

"సరేనంటే సరేనా, ఊరికే సరేనా?"

"సరే అన్నాగా."

జూన్ 10

షాపు తెరిచాను. గిరాకీ ఫర్వాలేదు. కొత్త కత్తెర బాగా తెగుతోంది. రాయడానికి ఏమీ లేదు.

జూన్ 11

నిన్న సాయంత్రం గొంతు డాక్టరు ఊళ్లో లేడు. రేపు రమ్మన్నారు.

పిట్ట నీరసంగా ఉంది. రెండు చేతులతో గడ్డం పట్టుకుని నడుస్తోంది, తల ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు. జుట్టు దువ్వబోతే గోడకు జరిగింది. వాళ్లమ్మను దువ్వనిచ్చింది.

నిన్న నేను కాస్త చెయ్యి వేశాను. అంతే. నూనె రాసి నిమిరాను. నూనె రాసి నిమరడం కూడా తప్పేనా?

జూన్ 12

గొంతు డాక్టరు పిట్టను గుమ్మంలో చూడగానే మాట్లాడుతున్న మాట ఆపేశాడు. తనే మెట్లెక్కి పై అంతస్తులో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రే ఫొటోలు తీశారు. డాక్టరమ్మకు ఓపిక ఎక్కువ. ఒక చేతి వేళ్లను ఉంగరంలా చుట్టి, అందులో రెండో చేతి వేలు నిలబెట్టి చూపించింది.

"తల కింద మొదటి ఎముక ఇలా ఉంగరంలా ఉంటుంది. రెండోది ఇలా అందులోకి లేచి ఉంటుంది. మనం తల తిప్పేది ఈ కీలు మీదే. గొంతులో ఆపరేషన్ చేసిన చోట ఇన్ఫెక్షన్ వచ్చి వాపు వెనక్కి పాకితే, ఈ రెంటినీ పట్టి ఉంచే కట్లు మెత్తబడతాయి. అప్పుడు ఒక ఎముక పక్కకి జారి, అక్కడే ఇరుక్కుపోతుంది. చాలా అరుదు. నేను ఇంతకుముందు ఒక్క పిల్లాడిలోనే చూశాను. ఎవరి తప్పూ కాదు."

ఎవరి తప్పూ కాదు. ఆ మాట మంచినీళ్లలా తాగాను.

ఎముక దానంతటది చోటుకు రాకపోతే రెండెముకలనూ కలిపి స్క్రూలు బిగించాలట. అలా చేస్తే ప్రాణానికి ఫర్వాలేదు గానీ తల ఇక సరిగా తిరగదు. జీవితాంతం పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే. మా ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత అడిగింది డాక్టరమ్మ. "ఇంట్లో ఎవరైనా మెడ తోమడం, తిప్పడం లాంటివి చేశారా? కట్లు వదులైన చోట తిప్పితే లోపల వెన్నుపాముకి దెబ్బ తగలొచ్చు. చేసుంటే చెప్పండి. వేరే స్కాన్ తియ్యాలి, ఇక్కడే ఉంచుకోవాలి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా రెండు చేతులూ వాటంతటవే జేబుల్లోకి వెళ్లాయి.

"లేదండి," అన్నాను.

"ఈయన సెలూన్ నడుపుతారండి. మెడలు తిప్పడం అలవాటు. నేనే చెయ్యి వెయ్యొద్దని చెప్పాను," అంది మా ఆవిడ. నా మాట నేను నిలబెట్టుకున్నానని ఆమె నమ్మకం.

"చాలా మంచి పని చేశారు," అంది డాక్టరమ్మ. నాతోనే అంది.

పిట్ట మా ఇద్దరి మధ్యా కూర్చుంది. దాని మొహం కుడివైపు బిగుసుకుపోయింది కదా, కుడివైపు కుర్చీలో నేనున్నాను. అది నన్నే చూస్తోంది. నేను లేచి, గోడకున్న ఫొటో చూస్తున్నట్టు, ఎడమవైపుకు వెళ్లిపోయాను.

మెడకు పట్టీ, మందులు, మంచం దిగకూడదు. అయిదు రోజులాగి రమ్మంది. చేతుల్లో తిమ్మిరి గానీ నడకలో తూలు గానీ వస్తే ఆ నిమిషమే తీసుకురమ్మంది.

జూన్ 13

షాపులో అందరికీ చెప్పాను. "అరుదైన జబ్బట. లక్షల్లో ఒకరికి." ఆ లక్షలు డాక్టరమ్మ అనలేదు, నేనే కలిపాను. అందరూ అయ్యో అన్నారు. ఒకాయన నా భుజం తట్టాడు. తట్టించుకున్నాను.

కండక్టరు గారు మెడ ఇచ్చారు. చెయ్యి నొప్పిగా ఉందన్నాను.

ఇంట్లో మంచానికి ఎడమపక్క కూర్చుంటున్నాను. అక్కడైతే పిట్టకు కనిపించను.

నూనె రాయలేదు. నిమరలేదు. ఇది నా డైరీ, దీనికి కూడా అబద్ధం చెప్పడం దేనికి? మొన్న పదో తారీఖు మధ్యాహ్నం బావమరిది భోజనానికి వెళ్లాడు. పిట్టను ఇంటి నుంచి షాపుకు ఎత్తుకొచ్చాను. కుర్చీ చేతుల మీద పిల్లల చెక్క వేసి, దానిమీద కూర్చోబెట్టి, గుడ్డ కట్టాను.

"అమ్మ వద్దంది కదా," అంది.

"అమ్మకి చెప్పొద్దు. ఒక్క నిమిషం. కండక్టరు తాత ఎలా లేచి పరిగెడతాడో చూళ్లేదూ?"

సాయంత్రం మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చేసరికి పిట్ట తల నిటారుగా పెట్టుకుని తలుపు తీయాలి. ఆమె నోరెళ్లబెట్టాలి. డాక్టరు, ఫీజు, క్యూ ఏమీ లేకుండా ఈ చేతులతో. అదీ నా ఆలోచన. పిల్ల నొప్పి రెండో సంగతి. ఇది రాస్తుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.

తిప్పాను. టక్ రాలేదు. పిట్ట ఒళ్లు కొయ్యలా బిగుసుకుంది. ఏడుపు వినిపించలేదు, కళ్ల నీళ్లు మాత్రం గుడ్డ మీద పడ్డాయి. ఒక్కసారి తిప్పాను, రాలేదని వదిలేశాను. ఒక్కసారే.

జూన్ 14

ఆస్పత్రి వరండాలో రాస్తున్నాను.

పొద్దున మా ఆవిడ డ్యూటీకి వెళ్లాక పిట్టకు ఐస్‌క్రీమ్ ఇచ్చాను. చెంచా జారి పడింది. కడిగి ఇచ్చాను. మళ్లీ పడింది. మూడోసారి చెంచా ఎడమచేత్తో పట్టుకుంది. అది కుడిచేతి వాటం పిల్ల.

"ఏమైందే?"

"ఏం లేదు."

"పిట్టా."

"చీమలు పాకుతున్నట్టుంది. వేళ్లల్లో. నిన్నట్నించి." వేళ్లు ముడుచుకుంటూ అంది. "అమ్మకి చెప్పకు నాన్నా. చెప్తే ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. మళ్లీ అడుగుతుంది. నిన్ను తిడతారు."

అమ్మకి చెప్పొద్దు అని దానికి నేర్పింది నేనే. అది ఎంత శ్రద్ధగా నేర్చుకుందో. వేళ్లు మొద్దుబారుతుంటే కూడా నా పరువు కాపాడుతోంది.

అయినా వెంటనే లేవలేదు నేను. ఇది కూడా రాయాలి. తిమ్మిరి దానంతటదే పోతుందేమోనని కాసేపు ఎడమపక్క కుర్చీలోనే కూర్చున్నాను. చెంచా అలాగే దాని ఎడమచేతిలో ఉంది. తర్వాత టాక్సీ పిలిచాను. బస్‌స్టాండులో ఆపి కౌంటరు దగ్గరికి పరిగెత్తాను. మా ఆవిడ నన్ను చూసి, ఏమీ అడక్కుండా, కిటికీ మీద "మూసి ఉంది" బోర్డు దించేసింది. క్యూలో వాళ్లు అరిచారు. దారి పొడుగునా ఆమె పిట్ట వేళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ "తెలుస్తోందా? ఇది తెలుస్తోందా?" అని అడుగుతూనే ఉంది. చెప్పడానికి నాకు దారంతా ఉంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

డాక్టరమ్మ గదిలో నోరు తెరిచాను.

"ఆ రోజు అబద్ధం చెప్పానండి. మెడ తిప్పాను."

మా ఆవిడ నావైపు తిరగలేదు. పిట్ట వేళ్లు నొక్కడం మాత్రం ఆపేసింది.

"ఎప్పుడు?"

"పదో తారీఖు."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారేనండి."

డాక్టరమ్మ నన్ను వదిలేసి వంగి పిట్ట కళ్లలోకి చూసింది. "నాన్న ఒక్కసారే తిప్పారా అమ్మా?"

"ఒక్కసారే," అంది పిట్ట. ఠక్కున అంది. నేను ఎలా అన్నానో అలాగే అంది.

ఆ గొంతు వినలేకపోయాను. నా అబద్ధం నా కూతురి నోట్లో ఎంత ముద్దుగా కుదిరిందో.

"కాదండి," అన్నాను. "రెండుసార్లు. మొదటిసారి టక్ అనలేదు. అనకపోతే నాకు తృప్తి ఉండదు. రెండోసారి ఇంకా గట్టిగా తిప్పాను. 'వద్దు నాన్నా' అంది. అంటుండగానే తిప్పాను."

డాక్టరమ్మ తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. "మొదటి రోజే చెప్పుంటే రెండు రోజులు కలిసొచ్చేవి," అని మాత్రం అని ఫోనందుకుంది. చక్రాల మంచం వచ్చింది, పిట్టను కదపకుండా పడుకోబెట్టారు, స్కానుకు తీసుకెళ్లారు. మా ఆవిడ నా చేతిలో ఉన్న పిట్ట చెప్పులు తీసుకుని మంచం వెనక నడిచింది. తలుపు దాకా నేనూ వెళ్లాను. లోపలికి ఒక్కరే అన్నారు.

జూన్ 15

వెన్నుపాము తెగలేదు, నలగలేదు. చుట్టూ వాపు వచ్చి నొక్కుతోంది. మందులతో వాపు తగ్గొచ్చు, తిమ్మిరి పోవచ్చు. ఎముక మాత్రం చోటుకు రాలేదు. మెల్లగా బరువు కట్టి లాగుతారట. వస్తే వచ్చినట్టు, రాకపోతే స్క్రూలు.

పిట్టను వెల్లకిలా పడుకోబెట్టి తలకు పట్టీలు తగిలించారు. గడ్డం కింద ఒకటి, తల వెనక ఒకటి. సరిగ్గా నా చేతులు పట్టుకునే చోట్లే. వాటినుంచి తాడు, తాడుకు మంచం అవతల చిన్న చక్రం, దాని చివర బరువు. ఎంత బరువు అని అడిగితే నర్సమ్మ చూపించింది. నా కత్తెర్ల డబ్బా కంటే తేలిక. నేను క్షణంలో చేద్దామనుకున్న పనిని వీళ్లు ఇంత చిన్న బరువుతో రోజుల తరబడి చేస్తారు.

జూన్ 16

మా ఆవిడ నాతో మాట్లాడింది. "ఆ ఫ్లాస్కు ఇటివ్వు," అంది.

జూన్ 19

వేళ్లలో చీమలు తగ్గాయట. ఇవాళ చెంచా కుడిచేత్తో పట్టుకుంది. పడలేదు. బాత్రూములోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

పడుకున్న పిల్లకు పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. మొహం ఇంకా కొంచెం కుడికే ఉంది. విసుగెత్తి ఏడుస్తుంటే షాపుకెళ్లి వెనక అద్దం తెచ్చిచ్చాను. ఇక చూడాలి. అద్దం పొట్టమీద ఆనించి, అటు వంచి, ఇటు వంచి, వార్డంతా ఏలడం మొదలుపెట్టింది. "నర్సాంటీ, మూడో మంచం తాతకి సెలైన్ అయిపోయింది!" "కిటికీ దగ్గర మామ్మ దొంగతనంగా బిస్కెట్ తింటోంది!" పిట్ట కూత తిరిగొచ్చిందని వార్డంతా నవ్వుతోంది. మా ఆవిడ కూడా నవ్వింది. నేనున్నానని గుర్తొచ్చి ఆపేసింది.

నా కుర్చీ ఎడమపక్కనే, కాస్త తలవైపుకు జరిపి వేసుకున్నాను. పిట్ట అడుగుతుంది, "నాన్న వెళ్లిపోయాడా?" అని. "ఉన్నాడులే," అంటుంది వాళ్లమ్మ. నేను కుర్చీ మార్చను. దాని కళ్లు నా మీద పడితే తట్టుకునే ధైర్యం నాకింకా రాలేదు.

జూన్ 23

ఆస్పత్రి నుంచి కాసేపు షాపుకు వెళ్లాను. నేను లేని రోజుల్లో బావమరిదే రెండు కుర్చీలూ చూస్తున్నాడు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎవరో కుర్రవాడి గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి నిలబడ్డాడు.

"తియ్! చెయ్యి తియ్!"

అరుపుకు కుర్రవాడు గుడ్డతో సహా లేచి నిలబడ్డాడు.

"నువ్వు చేసేది చూసి చూసి నేర్చుకున్నా బావా," అన్నాడు వాడు, బిక్కమొహం వేసి. వాడికి తెలియదు. మా ఆవిడ తన తమ్ముడికి కూడా చెప్పలేదు. అది నామీద దయో, నేనే చెప్పుకోవాలనే కచ్చో నాకు తెలియదు.

అంతలో కండక్టరు గారు. "ముందుకు జరగాలి! ఏరా, చెయ్యి నొప్పి తగ్గిందా?"

"చెయ్యి నొప్పి లేదండి. ఎప్పుడూ లేదు. మా పిట్ట మెడ నేనే తిప్పానండి. వద్దంటున్నా తిప్పాను. దానివల్లే వేళ్లు తిమ్మిరెక్కాయి. పైగా డాక్టరుకి అబద్ధం చెప్పాను."

కండక్టరు గారు బస్సులో పర్సు తడుముకున్నట్టు సొంత మెడ తడుముకున్నారు.

"నా మెడ ఎన్నేళ్లుగా తిప్పుతున్నావురా నువ్వు?"

"చాలా ఏళ్లుగానండి."

"మరి నాకేం కాలేదే!"

"మీ అదృష్టమండి. నా హస్తవాసి కాదు."

ఆయన టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. ఇక రారు అనుకున్నాను. గుమ్మంలోకి తల పెట్టి "పాప ఏ వార్డు?" అని అడిగారు. చెప్పాను. నా మొహం చూడకుండానే తలాడించి వెళ్లారు.

జూన్ 28

ఫొటో తీశారు. ఎముక సగం వచ్చిందట. సగం అంటే ఏమిటని అడిగాను. సగం అంటే సగమే అంది డాక్టరమ్మ. ఇంకొక వారం చూస్తుందట.

పట్టీల కింద జుట్టు ఉండలు కట్టింది. చెమటకు చెవి వెనక చర్మం ఒరుసుకుపోయింది. నర్సమ్మ వచ్చి, "జుట్టు పొట్టిగా తీసెయ్యాలి. మీరు ఆ పనేగా చేసేది, తియ్యండి," అంది.

"వేరే ఎవరినైనా పిలవండమ్మా. నేను పిలుచుకొస్తాను. ఎదురు సెలూన్ అబ్బాయి బాగా చేస్తాడు," అన్నాను. ఎదురు సెలూన్ వాణ్ణి నేను మెచ్చుకోవడం అదే మొదలు.

మా ఆవిడ దుప్పటి మడత పెడుతోంది. మడత ఆపలేదు.

"నువ్వే చెయ్యి," అంది. "తల నేను పట్టుకుంటాను. నీ చెయ్యి తగలకూడదు. కత్తెరే తగలాలి."

ఇన్ని రోజుల్లో ఆమె నాతో అన్న పెద్ద మాట అది.

నర్సమ్మ పట్టీ వదులు చేసింది. మా ఆవిడ రెండు అరచేతుల్లో పిట్ట తల పట్టుకుంది, నిండు గిన్నె పట్టుకున్నట్టు. కటింగులో నాకు ఎటు కావాలంటే అటు తల తిప్పుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. రెండు వేళ్లతో గడ్డం పైకెత్తడం, నుదురు కిందికి నొక్కడం. ఎంత గొప్పవాడైనా నా ముందు తల వంచాల్సిందే అని ఎన్నిసార్లు జోకులేశానో. ఇవాళ తల కదలకూడదు. నేనే మంచం చుట్టూ తిరిగాను. మోకాళ్ల మీద కూర్చున్నాను, వంగాను, చక్రం కింద నుంచి దూరాను. పిల్లి మెడలో గంట కట్టే ఎలుకలా ఉన్నారని నర్సమ్మ నవ్వింది. ఎడమవైపు ఎక్కువ, కుడివైపు తక్కువ అయింది. నా జీవితంలో ఇంత చెత్త కటింగు చేయలేదు.

"నాన్నా, కత్తెర వణుకుతోంది," అంది పిట్ట, కళ్లు మూసుకుని.

"కొత్త కత్తెర," అన్నాను.

మా ఆవిడ నా వంక చూసింది. ఇంకా అబద్ధాలేనా అన్నట్టు చూసింది.

"కత్తెర కాదే. నా చెయ్యి. భయమేస్తోంది," అన్నాను.

"నాక్కూడా," అంది పిట్ట.

జూలై 1

కండక్టరు గారు మూడోసారి వచ్చి వెళ్లారట. నేను లేనప్పుడే వస్తున్నారు.

జూలై 5

ఫొటో చేత్తో పట్టుకుని డాక్టరమ్మ తనే వార్డుకొచ్చింది. మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను. మంచానికి మా ఆవిడ అటు, నేను ఇటు. స్క్రూలు అనే మాట ఎప్పుడు వస్తుందా అని వింటున్నాను.

"చోటుకొచ్చింది," అంది డాక్టరమ్మ.

మా ఆవిడ మంచం అంచు పట్టుకుని నేలమీద కూలబడి, మంచం కిందకు తల పెట్టి ఏడ్చింది. పిట్ట "అమ్మెక్కడ, అమ్మ కనిపించట్లేదు," అంటూ అద్దం వంచి వెతికింది.

ఇంకా చాలా వారాలు గట్టి పట్టీ వేసుకోవాలి. పరుగులు వద్దు, బడి వద్దు. మళ్లీ జారదని గ్యారంటీ లేదు, చూస్తూ ఉండాలి. అన్నీ చెప్పి, తలకున్న పట్టీలు విప్పించి, దిండ్లు పెట్టి నెమ్మదిగా కూర్చోబెట్టింది.

"ఇప్పుడు నీ అంతట నువ్వే తల తిప్పు. ఎంత వస్తే అంతే. నొప్పి పుడితే ఆపెయ్. ఎవ్వరూ ముట్టుకోరు."

పిట్ట ముందు కుడివైపుకు తిప్పింది. అది ఎప్పుడూ వచ్చేదే. తర్వాత మధ్యకు తెచ్చింది. అక్కడ ఆగింది. నేను ఎడమపక్క నా కుర్చీలో ఉన్నాను. లేచి వెళ్లిపోదామనిపించింది. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ లాగకుండా, దాని తల కొద్దికొద్దిగా ఎడమవైపుకు వచ్చింది. ముందు చెవి పోయింది, తర్వాత ముక్కు వచ్చింది, ఆ పైన కళ్లు రెండూ వచ్చి నా మీద ఆగాయి. నేను చేసిన ఒంకర కటింగుతో, ఎండిన పెదాలతో నన్ను చూసింది.

"చాలు, చాలా బాగా వచ్చింది," అంది డాక్టరమ్మ.

"నువ్వెప్పుడూ ఇక్కడే ఎందుకు కూర్చుంటావు నాన్నా?" అంది పిట్ట.

కుర్చీ ఇక్కడే ఉంది కాబట్టి అనబోయాను. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నా వంకే చూస్తోంది.

"నీకు కనిపించకూడదని," అన్నాను. "నీకు చేసిన పనికి సిగ్గేసి."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు దాక్కున్నావని. అద్దంలో కనిపిస్తూనే ఉన్నావుగా. రోజూ చూసేదాన్ని." పట్టీ వేయడానికి నర్సమ్మ వస్తుంటే గబగబా చెప్పేసింది. "నువ్వు ఏడ్చేటప్పుడు మాత్రం చూడలేదు. అప్పుడు అద్దం తాత మంచం వైపు తిప్పేసేదాన్ని."

మెడకు పట్టీ బిగించారు. తల నిటారుగా నిలబడింది, చూపు ముందుకే. నేను కుర్చీ ఎత్తుకొచ్చి మంచం ముందు వేసుకుని కూర్చున్నాను.